కొంగుముడి నుంచి పాసుపుస్తకం దాకా

ఈ పుస్తకం ముందు పేజీల్లో మన సమాఖ్య పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత, రావలసిన బాకీ ఎంత అన్న లెక్కలన్నీ ఉన్నాయి. అందరూ చూసుకోండి. తప్పు కనపడితే అడగండి. ఈ వ్యాసం మాత్రం ఒక ప్రశ్నకు జవాబుగా రాస్తున్నాం.

మొన్న సర్వసభ్య సమావేశంలో, భోజనాలకు లేచే ముందు, వెనక వరసలోంచి ఒక కోడలుపిల్ల లేచి అడిగింది. "అప్పా, నెలకి రెండొందలు కట్టించుకొని దాస్తన్నారు. ఫోన్లో నొక్కితే ఐదు నిమిషాల్లో పదివేలు పడిపోతన్నాయి. మరి ఈ పొదుపు ఏటికి?" కొందరు నవ్వారు. పెద్దవాళ్లలో కొందరికి కోపం వచ్చింది. అధ్యక్షురాలు "తరవాత మాట్లాడుకుందాం" అని తరువాతి అంశానికి వెళ్లిపోయారు. ఇంటికి వచ్చాక మేము అనుకున్నాం, ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? ఆమె పుట్టేసరికే మన సంఘాలు ఉన్నాయి. అవి లేని రోజులు ఎలా గడిచాయో ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ తప్పు మనది.

మన అమ్మమ్మల కాలంలో పొదుపు అంటే డబ్బు కాదు, గింజ. కూలి గింజల్లోనే ఇచ్చేవారు. కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల అన్న మాటలు ఇప్పటికీ మన ఊళ్లలో ముసలివాళ్ల నోట వినపడతాయి. ఎసరు పెట్టి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేవారు. ఆ పిడికెడు తగ్గిందని కడుపుకు తెలియదు. ఈ వ్యాసం కోసం మేము ఒక ఇంట్లో కాటా మీద పెట్టి చూశాం. మన చేతికి వచ్చే పిడికెడు యాభై గ్రాముల దాకా తూగింది. పూటకో పిడికెడు చొప్పున రోజుకు రెండు వేస్తే నెలకు మూడు కిలోలు. చుట్టం వచ్చినా, ఇంటాయన జ్వరంతో పనికి వెళ్లకపోయినా, ఆ కుండే దిక్కు.

పంట వచ్చినప్పుడు ధాన్యం గాదెల్లోకి, పురుల్లోకి, పాతరల్లోకి వెళ్లేది. చోళ్లకైతే పురుగు భయం తక్కువ, ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. అందుకే మెట్ట ఊళ్లలో వరి కన్నా చోళ్లనే నమ్ముకునేవారు. ఎండాకాలంలో ఆడవాళ్ల పనంతా వానాకాలం కోసమే. వడియాలు, మామిడి ఒరుగులు, తాటి తాండ్ర, ఎండుచేపలు, ఉప్పు కలిపి ముద్ద చేసిన చింతపండు. ఆషాఢం, శ్రావణం నెలల్లో చేతిలో పని ఉంటుంది గానీ ఇంట్లో గింజ ఉండదు. కూర ఖర్చు ఎలా తగ్గించుకోవాలో ఆ రోజుల్లో వాళ్లకి ఎవరూ చెప్పనక్కరలేదు. తరవాణి కుండ ఉన్న ఇంట్లో మిగిలిన అన్నం పారేయడం అన్న మాటే లేదు.

అయినా గింజ చాలేది కాదు. చాలనప్పుడు పెద్ద రైతు గుమ్మం ఎక్కాల్సిందే. గింజ అప్పు మీద గింజగానే కట్టే వడ్డీని నాగు అనేవారు. శ్రావణంలో ఒక బస్తా తెచ్చుకుంటే పంట నూర్చాక బస్తాన్నర కొలవాలి. నాలుగైదు నెలలకు సగానికి సగం వడ్డీ. ఇంకో మెలిక కూడా ఉంది. శ్రావణంలో ధాన్యం ధర ఎక్కువ, కోతల కాలంలో తక్కువ. కాబట్టి డబ్బులో లెక్క వేస్తే నాగు కొంత తేలికగా కనపడేది, గింజల్లో మాత్రం సగానికి సగం బరువే. పిడికెడు బియ్యం కుండ ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ కుండలో గింజలుంటే ఒక పది రోజులు ఆలస్యంగా గుమ్మం ఎక్కొచ్చు. ఆ పది రోజులే దాని లాభం.

ఏజెన్సీలో పరిస్థితి ఇంకా ఘోరం. ఉప్పుకి, బట్టకి షావుకారు దగ్గర అప్పు పెట్టి, చింతపండు, అడవి సరుకు, చివరికి భూమి కూడా పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. గంజాం, విశాఖపట్నం ఏజెన్సీల కోసం 1917లోనే ఒక చట్టం వచ్చింది. కొండవాళ్ల దగ్గర ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ వసూలు చేయకూడదనీ, చక్రవడ్డీ కుదరదనీ, మొత్తం వడ్డీ అసలుకు మించకూడదనీ అందులో ఉంది. అంటే వందేళ్ల కిందటే ప్రభుత్వానికి ఈ వడ్డీల సంగతి తెలుసు. కాగితం మీద చట్టం ఉన్నా కొండమీద షావుకారి పుస్తకమే చెల్లింది. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టి అడవి సరుకు కొనడం, డిపోల్లో సరుకులు అమ్మడం మొదలుపెట్టారు. 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో లేచిన పోరాటం వెనక ఉన్న కారణాల్లో కూడా అప్పు, భూమి ఉన్నాయి. అది వేరే పెద్ద కథ, ఇక్కడ అంతే.

మైదానంలో వాళ్లకి ఇంకో దారి ఉండేది, రంగం. రంగూన్‌ని మనవాళ్లు అలాగే పిలిచారు. కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం రేవుల్లో స్టీమర్ ఎక్కి బర్మా వెళ్లి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసి మనియార్డరు పంపేవారు. మనియార్డరు వచ్చిన రోజే ఇంట్లో ఆడమనిషి చేతిలో డబ్బు కనపడేది. ముందు పాత బాకీ, తరవాత బట్ట, మిగిలితే వెండి కడియాలు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక అక్కడ సంపాదించిందంతా వదిలేసి కాలినడకన వెనక్కి వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. దారిలో పోయినవాళ్లు పోయారు. ఇక్కడ భార్య కాలికున్న కడియాలే ఆ కుటుంబానికి మిగిలిన రంగం సంపాదన.

కడియాలు, మురుగులు, ఇత్తడి బిందెలు, తరవాత బంగారం. నగ అలంకారం అంటారు గానీ మన ఇళ్లలో అది డిపాజిట్టు. మెడలో ఉంటుంది, ఎవరూ దొంగచాటుగా వాడలేరు, అవసరానికి గంటలో డబ్బవుతుంది. ఒకటే లోపం. పెట్టుకునేది ఆడది, తాకట్టు పెట్టేది మగాడు. విత్తనానికో, మదుపుకో తాకట్టు పెట్టి తిరిగి విడిపించింది ఎన్నిసార్లు? ఈ ప్రశ్న మన గ్రామైక్య సంఘ సమావేశంలో అడిగినప్పుడు చేతులెత్తినవాళ్ల కంటే తల దించుకున్నవాళ్లే ఎక్కువ.

అందుకే దాచడం నేర్చుకున్నాం. మట్టి డిబ్బీ, కొంగుముడి, చీరల మడతలు, చూరు, బియ్యం డబ్బా అడుగు. అన్నిటికన్నా పోపులడబ్బా. ఆవాలు, జీలకర్ర అరల కింద చేయి పెట్టే మగాడు మన ప్రాంతంలో ఇంకా పుట్టలేదు. కూరగాయలకి ఇచ్చిన దాంట్లో ఐదు, పిల్లల చిల్లరలో రెండు, గుడ్లు అమ్మితే వచ్చిన పది. పలాసలో జీడిపప్పు ఒలిచిన కూలిలోంచి, పొందూరులో రాట్నం మీద వడికిన నూలు డబ్బులోంచి, రాజాం, నెల్లిమర్ల వైపు గోనె మిల్లుకి వెళ్లిన మనిషి జీతంలోంచి, ఇలా ఎంతమంది ఎంత దాచారో ఏ లెక్కలోనూ లేదు. ఇది దొంగతనం కాదు, అబద్ధం కూడా కాదు. సారా దుకాణం దాకా వెళ్లకుండా ఆపిన డబ్బు.

2016 నవంబరు 8 రాత్రి ఆ గుట్టంతా బయట పడింది. ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. మన సంఘంలో ఒక పెద్దామె పదకొండేళ్లుగా కూతురి పురుడు కోసమని దాచిన పద్దెనిమిది వేలు చీర మడతలోంచి తీసి భర్త ముందు పెట్టాల్సి వచ్చింది. "ఇన్నాళ్లు నన్ను మోసం సేసినావా?" అన్నాడాయన. ఆమె ఏమీ అనలేదు. డబ్బు బ్యాంకులో పడింది, పోలేదు. కానీ ఆయన పేరు మీద ఉన్న ఖాతాలో పడింది. ఆ తరువాతి వారమే ఆమె మండల కేంద్రానికి వచ్చి తన పేరున వేరే ఖాతా తెరిపించమని మా బుక్‌కీపర్‌ని అడిగింది. దాచిన డబ్బు ఎంత అన్నది ఒక సంగతి, ఎవరి పేరున ఉంది అన్నది ఇంకో సంగతి. మాకు ఆ రోజే బాగా అర్థమైంది.

చీటీల మాట కూడా చెప్పాలి. ఇరవై మంది, నెలకు వెయ్యి, ఇరవై నెలలు. అవసరం ఉన్నవాళ్లు తక్కువకి పాడుకొని ఎత్తుకుంటారు, ఆగగలిగినవాళ్లకి తరుగు లాభం వస్తుంది. నమ్మకం ఉన్నచోట చాలా మంచి పద్ధతి, మన ఇళ్లలో ఎన్ని పెళ్లిళ్లు చీటీ డబ్బుతో జరిగాయో. నమ్మకం లేనిచోట చీటీ నడిపే మనిషి ఒకరోజు తెల్లారి ఇంటికి తాళం వేసుకొని వెళ్లిపోతాడు. మాలో ముగ్గురికి ఆ తాళం చూసిన అనుభవం ఉంది. రిజిస్టరు కాని చీటీకి కాగితం ఉండదు, కాగితం లేకపోతే పోలీసు స్టేషన్లో చెప్పుకోవడానికి నోరు మాత్రమే ఉంటుంది.

ఇక సంఘాల సంగతి. డ్వాక్రా పథకం 1982లో మొదలైనప్పుడు రాష్ట్రంలో ముందుగా తీసుకున్న మూడు జిల్లాల్లో ఆదిలాబాద్, కడపతో పాటు మన శ్రీకాకుళం ఒకటి. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. అప్పట్లో పద్ధతి వేరు. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లను కూడగట్టి, పదిహేను వేల రూపాయలు రివాల్వింగ్ ఫండ్ ఇచ్చి, ఏదో ఒక పని పెట్టుకోమనేవారు. ముందు డబ్బు వచ్చింది, కలిసి కూర్చోవడం తరవాత. ఊరగాయలు పెట్టారు, బుట్టలు అల్లారు, అమ్మడం తెలియక ఆగిపోయారు. ఫండ్ అయిపోతే సంఘమూ అయిపోయేది. ఆ మొదటి సంఘాల్లో ఉన్న పెద్దవాళ్లు కొందరు ఇప్పుడు మాతో ఉన్నారు. "మా డబ్బు అందులో లేదు కదమ్మా, అందుకే అది పోయినా మాకు నొప్పెట్టలేదు" అన్నారు వాళ్లలో ఒకరు.

మన డబ్బు అందులో పడడం మొదలైంది నెల్లూరు నుంచి. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట కూడుకున్న ఆడవాళ్లు చదువుతో పాటు సారా గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఉద్యమాలు ఇలాంటి గెలుపు తరవాత ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతాయి. అక్కడ అలా జరగలేదు. సారాకి పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకు ఒక రూపాయి పక్కన పెడదామన్నారు. అదే పొదుపు లక్ష్మి. నెలకు ముప్పై రూపాయలు. మన ఊళ్లలో సంఘం పెట్టినప్పుడు కూడా ఆ ముప్పైతోనే మొదలైంది. ఆ ముప్పై తేవడానికి ఎంత కష్టపడ్డారో ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు. ఒకామె నెలకు రెండు కుంచాల చోళ్లు అమ్మి కట్టేది.

బ్యాంకులు అంతకుముందే తలుపు కొంచెం తెరిచాయి. 1992లో నాబార్డు ప్రయోగంగా దేశంలో 500 సంఘాలను బ్యాంకులతో కలపాలని పెట్టుకుంది. తాకట్టు లేకుండా, పొదుపు క్రమాన్ని చూసి అప్పు ఇవ్వడం అప్పట్లో కొత్త మాట. గుజరాత్‌లో ఆడవాళ్లు అంతకన్నా ముందే దారి చూపించారు. 1974లో అహ్మదాబాద్‌లో నాలుగు వేల మంది కూలి ఆడవాళ్లు తలా పది రూపాయలు వేసి సేవా బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం రానివాళ్లు ఎక్కువని పాసుపుస్తకం మీద ఫొటో అంటించారు. ఇలాంటి చిన్న ఉపాయాలే పెద్ద పనులు చేస్తాయి.

2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. సంఘం మీద గ్రామైక్య సంఘం, దాని మీద మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య వచ్చింది అప్పుడే. క్రమంగా కలవడం, క్రమంగా పొదుపు, లోపల అప్పులు, సమయానికి తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం అనే ఐదు సూత్రాలు మనకి నోటికి వచ్చేశాయి. ఆ రోజుల్లో వచ్చిన వాటిలో మాకు బాగా నచ్చింది బియ్యం అప్పు. గ్రామైక్య సంఘం ఒకేసారి బియ్యం కొని సభ్యులకు అప్పుగా ఇచ్చేది, వాయిదాల్లో డబ్బు కట్టేవాళ్లం. ఆ శ్రావణంలో మా ఊళ్లో చాలా ఇళ్లు నాగుకి వెళ్లలేదు. అమ్మమ్మ కుండే ఊరంత పెద్దదైంది.

2009లో అభయహస్తం వచ్చింది, రోజుకు మన రూపాయి, ప్రభుత్వం రూపాయి, అరవై దాటాక పింఛను. పావలా వడ్డీ, ఆ తరువాత వడ్డీ లేని రుణాలు వచ్చాయి. వీటి గురించి అందరికీ తెలుసు, మళ్లీ రాయం.

రాయవలసింది మన తప్పుల గురించి. 2005 తరవాత ప్రైవేటు మైక్రో ఫైనాన్సు వాళ్లు వీధి వీధికీ వచ్చారు. వారం వారం కట్టాలి. సంఘం అప్పు వాయిదా కట్టడానికి వాళ్ల దగ్గర తీసుకున్నాం, వాళ్ల వారం కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకున్నాం. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేసరికి రాష్ట్రంలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2014లో మాఫీ మాట వినపడగానే చాలా సంఘాలు వాయిదాలు ఆపేశాయి. మాదీ ఆపేసింది. ఆగిన నెలల వడ్డీ తరువాత మన మెడకే చుట్టుకుంది, పొదుపు డబ్బులోంచి బ్యాంకు సర్దేసుకుంది. ఇంకోటి, అన్నిటికన్నా చెప్పడానికి కష్టమైనది. మన గ్రామైక్య సంఘాల్లో ఒకదానిలో పుస్తకాలు రాసే మనిషి ఏడాదిన్నర పాటు వసూలైన డబ్బులో కొంత బ్యాంకులో వేయలేదు. పాసుపుస్తకం తెచ్చి చూపించమని ఎవరూ అడగలేదు, మంచిది కదా అని. చివరికి ఆమె పొలం అమ్మి కట్టింది. డబ్బు వచ్చింది గానీ ఆ సంఘం ఇప్పటికీ సరిగా కూర్చోవడం లేదు. అందుకే ప్రతి సమావేశంలో పాసుపుస్తకం చేతులు మారాలి, చదవడం రానివాళ్లు పక్కవాళ్లచేత చదివించుకోవాలి అని ఈ ఏడాది తీర్మానం చేశాం.

ఇంటి లెక్క గురించి కూడా ఒక మాట. జపాన్‌లో 1904లోనే హనీ మోటోకో అనే పత్రికా సంపాదకురాలు ఇల్లాళ్ల కోసం ఖర్చుల పుస్తకం అచ్చు వేసింది. వచ్చింది ఎంత, పోయింది ఎంత, ఎందుకు పోయింది అని రాసుకోవడమే. మేము పదిమంది మూడు నెలలు అలా రాశాం. అందరి పుస్తకాల్లో ఒకే ఆశ్చర్యం. టీ, టిఫిను, రీచార్జి, పిల్లల పాకెట్లు కలిపితే నెలకు పొదుపు కట్టే డబ్బుకి మూడింతలు దాటింది. పాకెట్లు మానేయమని చెప్పడం లేదు. కానీ తెలిసి ఖర్చు పెట్టడం వేరు.

అయితే ఒక హద్దు కూడా ఒప్పుకోవాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు వచ్చిన ఇంట్లో డయాలసిస్‌కి వెళ్లే దారి ఖర్చులు, కూలి పోయిన రోజులు ఏ పొదుపునైనా తినేస్తాయి. ఆ ఇళ్లకి పొదుపు చేయమని చెప్పడానికి మాకు నోరు రాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. కొబ్బరి చెట్టే వాళ్ల రికరింగ్ డిపాజిట్టు. మొక్క పెట్టి కాపు వచ్చేదాకా ఏళ్లు పడుతుంది. ఆ రోజుల్లో సంఘాల పొదుపులోంచి ఇచ్చిన చిన్న చిన్న అప్పులు చెట్లను నిలబెట్టలేదు గానీ, పైకప్పు రేకులు, పిల్లల ఫీజులు నిలబెట్టాయి.

ఇప్పుడు ఆ కోడలుపిల్ల ప్రశ్నకు వద్దాం. ఊళ్లోకి వచ్చే రోజువారీ ఫైనాన్సు ముందే వెయ్యి పట్టుకొని తొమ్మిది వేలు చేతికిస్తుంది. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పదివేలకి వెయ్యే కదా" అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి ఇస్తున్నాం, కాబట్టి సగటున మన చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. దాని మీద మూడు నెలల పది రోజులకి వెయ్యి అంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయల పైనే. ఫోను అప్పు లెక్క అంతకన్నా ఘోరం. అడిగింది ఐదు వేలు, చేతికి వచ్చేది అందులో కోత పోగా మిగిలింది, గడువు వారం. కట్టకపోతే ఫోన్లో ఉన్న పేర్లందరికీ మెసేజీలు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఈ ఫోను అప్పుల మీద నిబంధనలు పెట్టింది, అయినా అనుమతి లేని యాప్‌లు పేరు మార్చుకొని వస్తూనే ఉన్నాయి. మన సంఘం లోపలి అప్పు నూటికి నెలకు రూపాయి. ఆ రూపాయి ఎక్కడికీ పోదు, ఏడాది చివర మన పేరునే పంచుకుంటాం. అమ్మా, నువ్వు కట్టే రెండొందలు అప్పు రావడం కోసం మాత్రమే కాదు. బస్తాకు బస్తాన్నర కొలవకుండా ఉండడం కోసం.

వచ్చే నెల సమావేశంలో ఈ అంశం మొదటనే పెడుతున్నాం. నెల పొదుపు రెండొందలే ఉంచాలా, ఆషాఢంలో తగ్గించి కోతల నెలల్లో పెంచుకోవాలా అన్నది ఆ రోజు నిర్ణయిద్దాం. ఆ కోడలుపిల్ల ముందు వరసలో కూర్చోవాలి. అందరూ పాసుపుస్తకాలు తెచ్చుకోండి.